పులసకి బోను లేదు

ధవళేశ్వరం బడి పిల్లలకి వన్యప్రాణి సంరక్షణ నేర్పాలంటే మనకి తట్టేది ఒక్కటే. పులిహోర పొట్లాలు కట్టించి, బస్సెక్కించి, 200 కిలోమీటర్ల అవతలున్న విశాఖ జూ చూపించి తీసుకురావడం. మర్నాడు వ్యాసం: జంతువులను కాపాడాలి. ఎవరి నుంచి? అది మాత్రం ఎవరూ అడగరు.

జూలు దండగని అనడం లేదు. 1977లో తెరిచిన విశాఖ జూలో రేసుకుక్కల సంతతిని నిలిపే పని జరుగుతోంది. హైదరాబాద్ జూలో పుట్టిన మూషిక జింకల్ని నల్లమలలో వదిలారు. కానీ పిల్లలకి కనిపించేది ఈ పని కాదు. బోను, బోర్డు, నిద్రపోతున్న పులి. సంరక్షణ అనేది ఎక్కడో, ఎవరో చేసే ఉద్యోగమని నేర్చుకుని ఇంటికొస్తారు.

ఊళ్ళోనే ఉన్న పాఠం సంగతేంటి? గోదారికి ఎర్రనీరు రాగానే సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. మంచినీటికి వచ్చాక అదే పులస. దాని దారికి అడ్డంగా ధవళేశ్వరంలో 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడక్కడ బ్యారేజీ ఉంది. ఆ అడ్డు కింద మనం వలతో కాచుకుని ఉంటాం. పొట్టనిండా గుడ్లున్న చేపంటే మరీ మోజు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కూడా కట్టుకున్నాం. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పులస ఏరెక్కేది ఆ గడువు దాటాకే.

ఆనకట్ట లేకపోతే డెల్టాకి ఇంత అన్నం లేదు. ఇది రాస్తున్నవాడి కంచంలోనూ లేదు. అసలు చిక్కంతా అక్కడే. నీళ్ళు ఎవరికొచ్చాయి, దారి ఎవరికి పోయింది అన్న లెక్క తేలకుండా సంరక్షణ ఏమిటి? కాటన్ మ్యూజియంలో పొలాల కథ చెప్తాం, జూలో జంతువుల కథ చెప్తాం. రెండూ ఒకటే కథని చెప్పడానికి మాత్రం జంకుతాం, కాటన్ దొరని దేవుణ్ణి చేసుకున్నాం కాబట్టి.

చిన్నపిల్లలకి ఇంత గొడవెందుకంటారా? పులస పులుసు తినే వయసొచ్చిన పిల్లకి పులస గురించి వినే వయసు రాలేదా?

ఈ ఏడాది బస్సు మానేయండి. వలేసే మనిషినొకణ్ణి క్లాసుకి పిలవండి. మీ నాన్న రోజుల్లో ఎన్ని పడేవి, ఇప్పుడెన్ని పడుతున్నాయని పిల్లల్నే అడగనివ్వండి. గుడ్లున్న చేపని వదిలేస్తే ఆ రోజు నీ ఇల్లెలా గడుస్తుందని కూడా అడగనివ్వండి. ఆ జవాబు ఏ బోను ముందు బోర్డు మీదా రాసి ఉండదు.