విగ్రహములు – విరాళములు

హుస్సేన్ సాగరము గట్టున నిలిచినవారికి మొదట కనిపించునది నీటినడుమ జిబ్రాల్టర్ శిలపై నున్న బుద్ధ విగ్రహము. ఆ చెరువునకు పేరైన మహనీయుని మాత్రము ఎరిగినవారు తక్కువ. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున దాని నిర్మాణమును నడిపిన హుస్సేన్ షా వలీ ఒక సూఫీ మహాత్ముడు. ఆయన దర్గా కొండాపూర్‌కు కొద్ది దూరమున, నేటి ఐటీ కార్యాలయముల చేరువనే యున్నది. ఒక మహాత్ముని పేరిట చెరువు, దాని నడుమ మరియొక మహాత్ముని మూర్తి! ఇట్టి సంపదను కాపాడవలసిన భారము ఎవరిది? ప్రభుత్వముదేనా, ప్రజలది కూడనా?

ఈ విగ్రహ చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది. న్యూయార్కు రేవులోని ద్వీపముపై వెలసిన స్వేచ్ఛా విగ్రహమును చూచిన నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు, తన రాజధానికిని అట్టిదొకటి యుండవలెనని తలచి 1985లో పనికి పూనుకొనిరి. భువనగిరి సమీపమున రాయగిరి వద్ద లభించిన ఏకశిలను గణపతి స్థపతి ఆధ్వర్యవమున శిల్పులు సుమారు 58 అడుగుల మూర్తిగా మలచిరి. 1990 మార్చి 10న దానిని నీటిమీదుగా తరలించుచుండగా బల్లకట్టు ఒరిగి మూర్తి మునిగిపోయెను. పదిమంది ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా నీటి యడుగున నున్న విగ్రహమును వెలికిదీసి 1992 డిసెంబరు 1న శిలపై నిలిపిరి. వ్యయము ప్రభుత్వముది.

న్యూయార్కు విగ్రహమునుండి హైదరాబాదు ఎత్తును గ్రహించినది గాని, చందాను గ్రహింపలేదు. ఆ విగ్రహము ఫ్రెంచి ప్రజల విరాళములతో తయారైనది. పీఠమునకు అమెరికాలో ధనము చాలనపుడు, 1885లో జోసెఫ్ పులిట్జర్ తన 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక ద్వారా సామాన్యులను అర్థించెను. 1,20,000 మందికి పైగా ఇచ్చిన సొమ్ము లక్ష డాలర్లు దాటెను. వారిలో అధికసంఖ్యాకులు డాలరు కంటె తక్కువ ఇచ్చినవారే. బడిపిల్లలు చిల్లర నాణెములు పంపిరి. ఎంత స్వల్పమిచ్చినను దాత పేరు పత్రికలో అచ్చయ్యెను. నూరేండ్ల పిదప నీరు దిగి దివిటీ శిథిలమైనపుడు, ప్రజల విరాళములతోనే 1986లో క్రొత్త దివిటీ నమర్చిరి. పాతదానిని పారవేయలేదు, ఆ ద్వీపమందే ప్రదర్శనశాలలో భద్రపరచిరి.

ఇది పరదేశపు పద్ధతి యని తలంప నక్కరలేదు. భట్టిప్రోలు స్తూపమున దొరికిన ధాతుకరండముల మీద, ఆ కార్యమును నిర్వహించిన గోష్ఠి సభ్యుల పేర్లు రెండువేల యేండ్లకు పూర్వమే చెక్కబడినవి. అమరావతి శాసనములలో గృహస్థుల పేర్లు, భిక్షుణుల పేర్లు, వర్తకుల పేర్లు కలవు. పూర్ణఘటము గల ఒక శిలాఫలకమును దానము చేసినవాడు విధికుడను చర్మకారుడు. నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి ఇచ్చితినని అతడు చెక్కించుకొనెను. స్తూపము శిథిలమైనను ఆ చర్మకారుని పేరు నిలిచినది.

పన్నుల ధనము ప్రజల ధనమే గదా, మరల చందా లేల యని కొంద రడుగవచ్చును. పన్ను తీసికొనబడునది, చందా ఇయ్యబడునది. పన్ను చెల్లించినవాడు విగ్రహమును చూచి పోవును. రూపాయి చందా ఇచ్చినవాడు దాని మెట్టు విరిగినచో ఎందుకు విరిగెనని అడుగును. ఇచ్చు గుణము జనములో లేదనుట సత్యము గాదు. 2022లో ముచ్చింతలయందు ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజ విగ్రహము ప్రధానముగా భక్తుల విరాళములతో ఏర్పడినది. కొండాపూర్‌లోని భవన సముదాయములలో ఏటేటా వినాయక చవితికి చందాలు పోగగుచున్నవి. నిమజ్జనము కావలసిన మూర్తికి చందా కలదు. నిలిచియుండవలసిన మూర్తికి లేదు. లోపము ఇచ్చట నున్నది.

చందాలతో కలహములు, బలవంతములు పుట్టుననుటయు నిజమే. దానికి మందు లెక్క చెప్పుట. వసూలైన ప్రతి రూపాయి, ఖర్చైన ప్రతి రూపాయి అందరికిని కనబడవలెను. దాతల పేర్లు మొత్తములు లేకుండ అకారాదిగా ప్రకటింపవలెను. విగ్రహమును నిలుపుటకే గాక ముందు దాని పోషణకును నిధి యుంచవలెను. శిల త్వరగా శిథిలము గాదు. పీఠము, పడవరేవు, చుట్టునున్న నీరు ముందుగా చెడును. మూర్తి నిజముగా పాతబడిన నాడు సైతము, బాగుచేయుటకు వీలులేదని నిపుణులు తేల్చిన పిమ్మటనే క్రొత్తదానిని తలపెట్టవలెను.

అట్టి నిధి ఏర్పడినచో దాని మొదటి వ్యయము దేనికో నిర్ణయించుట కష్టము గాదు. 1990లో ఈ విగ్రహము కొరకు అసువులు బాసిన ఆ పదిమంది పేర్లు నేడు ఎందరు విద్యార్థులు చెప్పగలరు? చర్మకారుని పేరు రెండువేల యేండ్లు నిలుపుకొన్న జాతి, వారి పేర్లను మరచుట తగదు. బడిపిల్లలు పోగుచేసిన రూపాయలతో ఆ పదిపేర్లను బుద్ధుని పాదములచెంత చెక్కించుటయే ఆ నిధికి తగిన ప్రారంభము.