వెలుగు తీగకు కరెంటు గండం
తీగ మారింది.. పెట్టె మారింది.. బ్యాటరీ బాధ్యత ఎవరిది?

పమిడిముక్కల: కృష్ణా డెల్టా పల్లెల్లో ఇంటింటి బ్రాడ్‌బ్యాండ్ అంటే ఇప్పుడు స్తంభాల మీదుగా వచ్చే సన్నని ఫైబర్ తీగే. దాని వేగం గురించి ప్రకటనలు ఘనంగా వినిపిస్తున్నాయి. ఆ తీగ చివర గోడకు బిగించే చిన్న పెట్టె సంగతి మాత్రం పెద్దగా చర్చకు రావడం లేదు. ఇరవై ఏళ్లుగా ఆ పెట్టెలో వచ్చిన మార్పులు వినియోగదారుకు వేగాన్ని తెచ్చిపెట్టాయి. అదే సమయంలో ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి మోసిన భారాన్ని అతని నెత్తిన పెట్టాయి. తుపాన్ల దారిలో ఉన్న ఈ ప్రాంతానికి ఇది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

రాగి తీగ రోజులు

2004లో కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఈ సేవను ప్రారంభించింది. అప్పటికే ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ తీగకు ఏడీఎస్ఎల్ మోడెం తగిలిస్తే సరిపోయేది. అయితే ఎక్స్ఛేంజికి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గేది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే సంకేతం నిలవడమే కష్టమయ్యేది. వానాకాలంలో తీగ అతుకుల్లోకి నీరు చేరితే ఫోన్‌లో గరగర, మోడెంలో అంతరాయం తప్పేవి కావు. పిడుగు పడితే దాని ప్రభావం రాగి తీగ వెంట ఇంట్లోకీ వచ్చేది.

ఇన్ని లోపాలున్నా ఆ వ్యవస్థకు ఒక సుగుణం ఉంది. ల్యాండ్‌లైన్ ఫోన్‌కు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి అదే తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా, తీగ తెగకుండా ఉండి ఎక్స్ఛేంజి పనిచేస్తుంటే ఫోన్ మోగేది.

పెట్టెలోకి చేరిన నాలుగు పనులు

ఫైబర్ రాకతో దూరం సమస్య చాలావరకు తీరింది. 2003లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఆమోదించిన జీపాన్ ప్రమాణం ప్రకారం ఒకే పోగు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్ల సమాచారాన్ని 20 కిలోమీటర్ల వరకు చేరవేయగలదు. దారిలో అమర్చే స్ప్లిటర్లు ఆ వెలుగును 32 లేదా 64 ఇళ్లకు పంచుతాయి. వాటికి కరెంటు అక్కర్లేదు. ఇంటికి చేరిన వెలుగును కంప్యూటర్‌కు అర్థమయ్యే సంకేతంగా మార్చేదే ఓఎన్‌టీ అనే పెట్టె.

తొలితరం పెట్టెలు ఈ ఒక్క పనే చేసేవి. వైఫై కావాలంటే రూటర్ వేరుగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ తర్వాత రూటర్, వైఫై, ఫోన్ కనెక్షన్ అన్నీ అదే పెట్టెలో ఇమిడిపోయాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ పథకం టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడింటినీ నెలకు రూ.149 ప్రారంభ ధరతో ఒకే కనెక్షన్ కిందికి తెచ్చింది. ఖర్చు, సమయం ఆదా చేసేందుకు తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాలపై లాగారు. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వాణిజ్య సేవలు మొదలయ్యాక ప్రైవేటు రంగంలోనూ పోటీ పెరిగింది. సెకనుకు 10 గిగాబిట్ల వేగాన్నిచ్చే తర్వాతి ప్రమాణం 2016లోనే సిద్ధమైంది.

కరెంటు పోతే అన్నీ బంద్

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గాజు పోగులో వెలుగు ప్రయాణిస్తుంది తప్ప విద్యుత్తు ప్రవహించదు. పిడుగుపాటు ఆ పోగు వెంట రాదన్నది దీని మేలు. పెట్టెకు కావలసిన విద్యుత్తు కూడా రాదన్నది దీని లోటు. దానికి ఇంట్లోని ప్లగ్గే దిక్కు. కరెంటు పోయిన మరుక్షణం ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడూ ఒకేసారి మూగబోతాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. ముందస్తు సమాచారం ఎంత విలువైనదో ఆనాడే ఈ జిల్లాకు తెలిసివచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా తుపాన్లు కోస్తాలో కరెంటు సరఫరాను దెబ్బతీశాయి. గాలివానకు స్తంభం ఒరిగితే దానిపై ఉన్న విద్యుత్ తీగతోపాటు ఫైబర్ తీగకూ ముప్పే. సెల్ టవర్లు కూడా బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే పనిచేస్తాయి.

ఖర్చు తక్కువ.. మేలు ఎక్కువ

పరిష్కారం అసాధ్యమైనదేమీ కాదు. ఇలాంటి పెట్టెలు ఎక్కువగా 12 వోల్టులతో, సుమారు 10 వాట్ల విద్యుత్తుతో పనిచేస్తాయి. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు పోను ఐదారు గంటలు ఢోకా ఉండదు. అయితే ఇంట్లో బ్యాటరీ ఒక్కటే చాలదు. ఫైబర్ మొదలయ్యే కేంద్రంలోనూ ప్రత్యామ్నాయ విద్యుత్తు ఉండాలి. మధ్యలోని స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు కనుక ఈ రెండు కొసలు నిలిస్తే, తీగ తెగనంతవరకు సేవ నిలుస్తుంది.

పెట్టెల పొందిక మరో సమస్య. ప్రమాణం ఒకటే అయినా ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీ కేంద్ర పరికరంతో అన్ని వేళలా కుదరదు. దాంతో సర్వీసు మారిన వినియోగదారు పాత పెట్టెను మూలన పడేయాల్సి వస్తోంది.

2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం వ్యయం రూ.1,39,579 కోట్లు. గ్రామీణ ప్రాంతాల్లో కోటిన్నర ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇవ్వడం దాని లక్ష్యాల్లో ఒకటి. అంటే కోటిన్నర పెట్టెలు అమర్చాలన్నమాట. టెండర్ల దశలోనే బ్యాటరీని, పెట్టెల పొందికను షరతులుగా చేర్చితే అదనపు భారం స్వల్పమే. ముందుగా గ్రామ పంచాయతీ కార్యాలయాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, తుపాను రక్షణ భవనాలతో మొదలుపెట్టవచ్చు. కనెక్షన్ల సంఖ్యతోపాటు, కరెంటు పోయాక ఎన్ని గంటలు పనిచేసిందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. తీరప్రాంత జిల్లాల్లోనైనా ఈ నిబంధన తక్షణం అమలు కావాల్సిన అవసరం ఉంది.