బేరమునకు యంత్రము చాలునా?

కంప్యూటరు వచ్చినది, ఇక దళారి మాయ తొలగినదని మన చదువరులలో ననేకులు సంతసించుచున్నారు. ఈ సంతోషమును భంగపఱచుట మాకు నిష్టము గాదు. కాని సగము సత్యమును పూర్ణసత్యముగా నమ్ముట విద్యావంతులకు తగునా?

2016 ఏప్రిల్ 14న కేంద్రప్రభుత్వము ఎనిమిది రాష్ట్రములలోని 21 మార్కెట్టు యార్డులతో ఈ-నామ్ అను కంప్యూటరు బేరపు పద్ధతి నారంభించెను. మన నిజామాబాదు పసుపు యార్డు మొదటి వరుసలోనే చేరినది. సరకు ద్వారముకడ నమోదగును; నాణ్యము పరీక్షింపబడవలెను; వర్తకులు తమతమ ధరలను కంప్యూటరులోనో ఫోనులోనో తెలుపుదురు; అందు హెచ్చు ధర తేలును. దాని నంగీకరించుటయో, త్రోసిపుచ్చుటయో రైతు చిత్తము. తువాలు చాటున వ్రేళ్లు నొక్కి ధర తేల్చుకొను పశువుల సంతలను జూచినవారికి, ధర వెలుగులోనికి వచ్చుట యెంత మేలో చెప్పనక్కఱలేదు.

అయినను, త్రోసిపుచ్చు హక్కు కాగితముపై నున్నంతమాత్రమున చేతిలో నున్నట్లేనా? 1981లో ఫిషరు, యూరీ యను పండితులు బేరమునుగూర్చి వ్రాసిన గ్రంథమున నొక సూత్రమును జెప్పిరి: బేరము చెడినచో మనకు మిగులు మార్గమెంత మంచిదో మన బలమంతయే. ఈ సూత్రముతో మన రైతును గొలిచి చూడుడు. విత్తునాడు అడ్తిదారుకడ అప్పు దెచ్చినవాడు పంటనాడు వానితో "కాదు" అనగలడా? మా ములుగు మండలమందలి వంటిమామిడి కూరగాయల మార్కెట్టునకు టమాట దెచ్చినవాడు, ధర నచ్చలేదని దానిని మరల నింటికి గొనిపోగలడా? పండిన టమాట నిలువ నుండదు, అప్పిచ్చినవాడు నిలువనీయడు. యంత్రము ధరను జూపును గాని, వేచియుండు శక్తి నీయజాలదు.

కాలక్రమమున నన్నియు సర్దుకొనునని కొంద ఱందురు. తనంతట సర్దుకొనిన యన్యాయమేది? 2007 నాటి గిడ్డంగుల చట్టము ననుసరించి, నిలువ నుండు పంటను నమోదైన గిడ్డంగిలో నుంచి, ఆ రసీదుపై బ్యాంకు ఋణమును పొందవచ్చును. ఈ సంగతి మన యూళ్లలో నెందఱ యిండ్లకు జేరినది? కూరగాయలకు శీతల గిడ్డంగులు కావలెను. ఉద్యాన విశ్వవిద్యాలయము మా ములుగుననే యున్నది. దాని విద్య రైతు బండి దాక నడచి రావలెను.

మేము బడిపిల్లలకు వడ్డీలెక్కలు నేర్పుచుందుము. ఆ లెక్కలను పిల్లలు తమ యింటి అప్పుపత్రముపై వేసి చూడనిచో, మా చదువు వ్యర్థము. చదువరులారా! మీ యెఱుకలోని రైతుకు ధర చదివి చూపుడు. రసీదు ఋణము మాట చెప్పుడు. సహకార సంఘమునకు వెంట నడువుడు. "కాదు" అనగలవానికే యంత్ర మాయుధము. అనలేనివానికి అది తన నష్టమును స్పష్టముగా జూపు నద్దము మాత్రమే.