మా యింటి కొత్త భోషాణం

వెనుకటి రోజులలో పెద్ద యిళ్ళలో భోషాణం వుండేది. దస్తావేజులు, వెండి గిన్నెలు, జాతకాలు అన్నీ అందులోనే. తాళంచెవి యిల్లాలి కొంగున వుండేది. నేటి సంసారాలలో దాచుకోవలసినవి చాలవరకు చేతికి తగలనివి: పెళ్ళి ఫోటోలు, యింటి పత్రాల నకళ్ళు, పోయిన పెద్దల గొంతులు. వీటికి మాత్రం భోషాణం అక్కరలేదా? అందుకే చెన్నపట్నంలో మా యింట వొక పాత కంప్యూటరు రాత్రింబగళ్ళు పనిచేస్తూ వుంటుంది. ఇంటిల్లిపాదీ తమ ఫోనులలోనూ లాప్‌టాపులలోనూ వున్నవి అందులో దాచి, కావలసినప్పుడు తీసుకుంటారు. దీనినే ఫైల్ సర్వరు అంటారు.

దీనిని నడిపేది లినక్సు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకీ విద్యార్థి ప్రారంభించిన యీ వ్యవస్థను వెల యివ్వకుండానే తెచ్చుకోవచ్చు. పాత యంత్రం మీద కూడా చక్కగా సాగుతుంది. ఇంట్లోని విండోసు యంత్రాలు దీనితో మాట్లాడాలంటే మధ్య వొక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దానిని మొదట వెలువరించాడు. మా యింట పెద్దవారు మాత్రం "మన సాంబయ్య లేచాడా?" అని అడుగుతారు.

సాంబయ్యతో కాపురం అంత తేలిక కాదు. మొదటి చిక్కు కరెంటు. పూర్వం షావుకార్లు ముందు చిట్టా వ్రాసుకొని తరువాత ఆవర్జాకు ఎక్కించేవారు గదా! లినక్సులోని ఎక్స్‌ట్4 పద్ధతి కూడా దస్త్రాల అమరికలో చేయబోయే మార్పును ముందు చిట్టాలో గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక చిట్టా చూసుకొని లెక్క సరిచేసుకుంటుంది. అయినా ఆ క్షణాన వ్రాస్తున్న దస్త్రం పోవచ్చు. అందుచేత యూపీఎస్ పెట్టాము. బ్యాటరీ అడుగంటకముందే యంత్రం తనంతట తాను ఆగేటట్లు అమర్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానునాడు ఆ శ్రమ అక్కరకు వచ్చింది.

రెండవది, చోటు. అటకమీద పెడితే మే నెల వేడికి డిస్కులు తాళవు. నేలమీద పెడదామంటే 2015 డిసెంబరు గుర్తుకు వస్తుంది. అడయారు పొంగి కొట్టూరుపురం మొదలైన చోట్ల యిళ్ళలోకి నీరు వచ్చిన ఆ రోజులలో ఎన్ని ఫోటో ఆల్బములు నానిపోయాయో! కడకు గాలి తగిలేచోట, గోడకు ఎత్తుగా బల్ల కొట్టించాము.

మూడవది తెలుగు పేర్లతో వచ్చిన పేచీ. పెళ్ళి ఫోటోకు వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ చేర్చి పేరు పెట్టబోతే యంత్రం ఒప్పుకోలేదు. ఎక్స్‌ట్4లో వొక పేరుకు 255 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ 3 కావాలి. ‘క్ష్మి’ మనకు వొకే అక్షరం. యంత్రానికి ఒత్తులూ గుడులూ కలిసి 6 గుర్తులు, 18 బైట్లు. లక్ష్మీనరసింహంగారు తన పేరు కుదించుకోవలసిందే.

ఇవన్నీ చిన్న బాధలు. అసలు సంగతి వేరే వున్నది. రిచ్చీ వీధిలో రెండు కొత్త డిస్కులు కొని జంటగా బిగించాము. ఒకదానిపై వ్రాసినది రెండవదానిపైనా పడుతుంది. ఒకటి చెడినా రెండవది ఆదుకుంటుంది. దీనికి రెయిడ్ అని పేరు. ఒకసారి వొక డిస్కు చెడినా, మారు డిస్కు వేసేసరికి అన్నీ యథాస్థానంలో వున్నాయి. ఇంట్లో అందరికీ సంతోషం.

తరువాత వేసవి సెలవులకు వచ్చిన వొక పసివాడు లాప్‌టాపుతో ఆడుకుంటూ అమ్మమ్మ పాటల పెట్టెను తుడిచివేశాడు. ఆవిడ పాడిన మంగళహారతులు అవి. అసలు కాసెట్టుకు బూజుపట్టి తిరగనే తిరగదు. సర్వరు మీద తుడిచినది మామూలుగా లాప్‌టాపు చెత్తబుట్టలోకి పోదు; ఒక డిస్కు మీద పోయినది రెండవదాని మీదా ఆ క్షణమే పోతుంది. అద్దంలోని బొమ్మ మనం నవ్వితే నవ్వుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది. మనకు మారుగా నిలబడదు.

అమ్మమ్మను కాపాడినది మూడవ డిస్కు. మూడు నెలలకొకసారి ఆర్‌సింక్ అనే ఉపకరణంతో అన్నిటికీ నకలు తీసి, పినాకిని ఎక్స్‌ప్రెస్సులో విజయవాడ వెళ్ళేవారి చేతికిచ్చి మా పెద్దమ్మగారి యింటికి పంపుతాము. ఆవిడ బీరువాలో చీరల మధ్య వుంటుంది అది. కబురు పెట్టిన నాలుగవనాటికి డిస్కు వచ్చింది. తగిలించి మీట నొక్కగానే అమ్మమ్మ గొంతు వినిపించింది. మధ్యలో ఆవిడ దగ్గు, వెనుక కాకి అరుపు సహా వున్నాయి. ఎవరూ మాట్లాడలేదు. పసివాడికి దెబ్బలు తప్పాయి.

సర్వరు లేని యింటికి కూడా యీ మాట వర్తిస్తుంది. మీ ఫోటోలు ఫోనులో వుంటే వేరే డిస్కుమీద మరొక నకలు, ఊరు దాటి ఇంకొక నకలు వుండనివ్వండి. ఉంచి మరచిపోక, ఆరు నెలలకొకసారి అందులోని ఒకటి రెండు తెరిచి చూడండి. తెరుచుకోని నకలు వుండీ లేనట్లే. ముందుగా, ఇంట్లో పెద్దవారు వుంటే యీ ఆదివారమే వారిచేత వొక పాట పాడించి దాచండి. ఆ తరువాతనే డిస్కుల మాట.