షరతులు లేని సాయం

2022లో రష్యా దాడి మొదలయ్యాక ఉక్రెయిన్ యూదులు ఎందరో ఇజ్రాయెల్ చేరారు. వాళ్ల ప్రయాణ ఖర్చుల్లో కొంత ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఎంబసీ జెరూసలేం లాంటి సంస్థలు విశ్వాసుల కానుకలతో భరించాయి. మనసారా మెచ్చుకోవాల్సిన పని ఇది. క్రైస్తవ ఐరోపా శతాబ్దాల పాటు యూదుల్ని ఎలా తరిమిందో తెలిసినవారికి దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అయితే యూదులు తిరిగొస్తే బైబిలు ప్రవచనాలు నెరవేరతాయన్న లెక్కతో చేసే సాయం నాకు మింగుడుపడదు. సరిహద్దులో బస్సెక్కే ముసలమ్మకు ముందు దుప్పటి కావాలి, బీపీ మాత్రలు కావాలి. సర్వం పోగొట్టుకుని సాయం కోసం చూసే ఈ బాధ మనకు కొత్తదా? 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, మన శ్రీకాకుళం తీరం నుంచి బర్మాకు కూలికి వెళ్లినవాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు; దారిలోనే ఎందరో రాలిపోయారు. 2018లో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు కూలిన ఉద్దానానికి అన్నం పొట్లం కోసం ఎదురుచూడటమంటే ఏమిటో తెలుసు. పలాసలో యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించే జీడి కార్మికురాలు, సొనకు నల్లబడ్డ వేళ్లతో కానుక సంచిలో పది రూపాయలు వేస్తుంది. ఆ ప్రార్థనలో గాజా యుద్ధంలో ఇల్లు కూలిన తల్లి పేరూ ఉండాలని మన పాస్టర్లు వేదిక మీంచే చెప్పాలి.