పన్ను వేస్తే పన్ను దక్కుతుందా?

బహ్రెయిన్ ప్రభుత్వం 2017 డిసెంబర్ 30 నుంచి కూల్ డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. 330 మిల్లీలీటర్ల కోలా క్యాన్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి మంచి పనే. కానీ మనవాళ్ళలో చాలామందికి అసలు గండం కోలా కాదు, ఆఫీసులో గంటకోసారి చప్పరించే కరక్ టీ. ఆ పన్ను దాని జోలికి పోలేదు.

నలభై దాటినవాళ్ళూ, విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలూ ముఖ్యంగా గమనించాల్సింది పంటి వేరు పుచ్చడం. చిగుళ్ళు వెనక్కి జరిగితే వేరు బయటపడుతుంది. దానికి ఎనామిల్ కవచం లేదు. ఎనామిల్ కరగాలంటే నోటిలో పీహెచ్ సుమారు 5.5కి పడిపోవాలి. వేరు మాత్రం 6.2-6.7 దగ్గరే కరగడం మొదలవుతుంది. షుగర్ జబ్బు వల్లో, కొన్ని బీపీ మందుల వల్లో నోరెండిపోతే, ఆమ్లాన్ని కడిగేసే లాలాజలం కూడా కరువవుతుంది.

మందు ఫ్లోరైడ్ పేస్టు. అయితే ఫ్లోరైడ్ అనగానే మనకి నల్లగొండ గుర్తొస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికల్లో ఒకటి 1937లో నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. ఆ భయం న్యాయమైనదే. "నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటూ 1,450 పీపీఎం పేస్టు నోట్లో పెట్టుకోమంటారేం?" అనే ఇంజనీరు మిత్రులకి చిన్న లెక్క. లీటరుకి 4 మిల్లీగ్రాములున్న నీళ్ళు రోజుకి 4 లీటర్లు తాగితే ఒంట్లోకి 16 మిల్లీగ్రాములు పోతాయి. అర గ్రాము పేస్టులో మొత్తం కలిపి ఉన్నదే 0.7 మిల్లీగ్రాములు, అందులోనూ చాలావరకు ఉమ్మేస్తాం. ఏళ్ళ తరబడి మింగితే ఎముకలకి హాని, పైపూతగా వాడితే పంటికి మేలు.

వేరు మీద మొదలైన పుచ్చు మళ్ళీ గట్టిపడగలదు కూడా. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరు నెలలు 5,000 పీపీఎం పేస్టు వాడినవాళ్ళలో సగానికి పైగా మందికి కనీసం ఒక పుచ్చు గట్టిపడింది. 1,100 పీపీఎం వాడినవాళ్ళలో అది మూడో వంతు కూడా లేదు.

అలాగని పేస్టు ఉందిగా అని చక్కెర ఎడాపెడా లాగించకూడదు. ఎంత తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమే. ప్రతి తీపి గుక్కకీ నోట్లో మళ్ళీ ఆమ్లం పుడుతుంది. ఆరుసార్లు టీ తాగితే ఆరుసార్లు దాడి. దెబ్బతిన్నది పూడ్చుకునే తీరిక పంటికి దొరకదు.

కాబట్టి చేయాల్సినవి ఇవి. టీలో చక్కెర మానెయ్యండి, లేదా తీపి టీ భోజనాల వేళకే పరిమితం చెయ్యండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినట్టు, కలుపుకునే చక్కెర రోజుకి 50 గ్రాములు దాటనివ్వొద్దు, 25కి దింపితే ఇంకా మంచిది. రాత్రి పడుకోబోయే ముందు బ్రష్ చేసి, నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలెయ్యండి. 5,000 పీపీఎం పేస్టు డాక్టరు రాస్తేనే వాడండి.

మన సంఘాల హెల్త్ క్యాంపుల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు. పక్కనే ఒక డెంటిస్టుకీ కుర్చీ వేస్తే మన పెద్దవాళ్ళకి ఎంతో మేలు చేసినవాళ్ళమవుతాం.