మొలవని గింజ చచ్చిన గింజ కాదు

తొలకరికి బీళ్లలో, తోటల్లో స్టైలో చల్లిన రైతుకు తరచూ ఎదురయ్యేదే ఇది: మంచి వాన పడినా మొలక పలచగానే వస్తుంది. అడిగితే నేలలో పదును చాలలేదంటారు. చాలాసార్లు అసలు కారణం గింజ పైపొరలో ఉంటుంది. స్టైలో, దశరథ గడ్డి, సుబాబుల్ గింజల గట్టి తోలు నీటిని లోపలికి పోనివ్వదు. ఒక్క వానకే అన్నీ మొలిచి, ఆ తర్వాతి ఎండకు మాడిపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటది. ప్రకృతికి తొందర లేదు. విత్తనానికి డబ్బు పెట్టి, మేత కోసం ఎదురుచూసే రైతుకు ఉంది.

విరుగుడు మన పొయ్యి దగ్గరే ఉంది. మరిగిన నీటిని దించి, 80 డిగ్రీలకు వచ్చాక, గింజలను పలుచని గుడ్డలో మూటగట్టి నాలుగైదు నిమిషాలు ముంచాలి. వెంటనే చన్నీళ్లలోకి మార్చి రాత్రంతా నాననిచ్చి, నీడన ఆరబెట్టి చల్లాలి. పొయ్యి మీదే ఉడికిస్తే గింజ చచ్చిపోతుంది. రైజోబియం పట్టించేది పూర్తిగా చల్లారాకే. ముందుగా శుద్ధి చేసినవి వంద, చేయనివి వంద తడి గోనెపట్టాలో మొలకెత్తించి చూసుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

అయితే భారమంతా రైతు మీదే వేస్తే ఒప్పుకోం. లూసర్న్, బర్సీం వంటి వాటి ధ్రువీకరణ ప్రమాణాల్లో గట్టి గింజలను కూడా మొలకశాతంలో కలిపే లెక్కిస్తారు. అంటే చీటీ మీద లెక్కకు వచ్చిన గింజ చేలో ఆ అదునుకు మొలవకపోవచ్చు. అందుకే మేం కోరేది: గట్టి గింజల శాతాన్ని సంచి మీద విడిగా ముద్రించాలి. వేడినీటి పద్ధతిని తెలుగులో రాసివ్వాలి. సబ్సిడీ విత్తనం పంచేచోట చేసి చూపించాలి. సభ్యులు బిల్లునూ, సంచి చీటీనీ భద్రపరచుకోవాలి. రేపు అడగడానికి అవే ఆధారం.